మా అమ్మమ్మ పేరు కోసం మడకశిర దాకా

అనంతపురం జిల్లాకు చూడ్డానికని పోయేవాళ్లు తక్కువ. పోయినా లేపాక్షి బసవన్న ముందు నిలబడి ఫొటో తీయించుకుని వెనక్కి వచ్చేస్తారు. నేను తిరిగిన దారిలో ఫొటో తీసుకోదగ్గ చోటు ఒక్కటీ లేదు. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగకముందే వాడిపోయిన వేరుశెనగ చేలు, నీళ్ల ట్యాంకరు కోసం వరసగా పెట్టిన ప్లాస్టిక్ బిందెలు, వాటికి కాపలాగా ఎండలో కూర్చున్న ఆడవాళ్లు, ఇవే. అయినా నా బతుకులో నేను చేసిన అసలు ప్రయాణం అదొక్కటే. మిగతావన్నీ పెళ్లిళ్లకీ ఎన్నికల డ్యూటీలకీ పోయి రావడమే.

నన్ను పంపింది మా అమ్మ. ఆమె పేరు మార్తమ్మ. గుంతకల్లులో ఒక క్రైస్తవ హాస్టల్లో అనాథగా పెరిగి, నర్సు ట్రైనింగు చేసి, ఉద్యోగానికి ఒంగోలు వచ్చి, ఆసుపత్రిలోనే ఒక కాంపౌండరును చేసుకుంది. వాళ్లకు నేనొక్కదాన్నే. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొగలుల వంశవృక్షం పుస్తకం చూడకుండా బోర్డు మీద వేస్తాను. మా అమ్మమ్మ పేరు మాత్రం నాకు తెలియదు. డెబ్భై ఆరేళ్లు వచ్చిన మా అమ్మకూ తెలియదు.

తాత పేరు తెలుసు, హాస్టలు వాళ్లు అమ్మకు చెప్పారు. లూయీ. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్వెబెక్ ప్రాంతం వాడు. రామగిరి బంగారు గనుల్లో రాతికి బెజ్జాలు వేసే డ్రిల్లు మిషన్లు బాగుచేసేవాడు. ఆ పేరూ, ప్రాంతమూ, గని పనీ పట్టుకుని నేను క్వెబెక్‌లో చర్చి రిజిస్టర్లు వెతికిపెట్టే ఒక పెద్దావిడకు ఉత్తరాలు రాశాను. రెండేళ్లు పట్టింది. చివరికి ఆవిడ తాత బాప్తిస్మం రాసిన పేజీ నకలు పంపింది. అందులో ఆయన తండ్రి పేరుంది, ఆ తండ్రికి తండ్రి పేరుంది, తండ్రిది నది మీద కలప తెప్పలు నడిపే వృత్తి అని కూడా ఉంది. తల్లి అన్నచోట పేరు లేదు. 'అడవి స్త్రీ' అని ఒక్క మాట ఉంది. అక్కడి ఆదివాసీ ఆడవాళ్లను ఆ పుస్తకాల్లో అలాగే రాసేవారట. 'ఇటువంటి అమ్మమ్మలు మా ఇళ్లలోనూ ఉన్నారు, మేమూ వెతుక్కుంటున్నాం' అని ఆవిడ కింద చేత్తో రాసింది. ఇక్కడి నుంచి వెళ్లిన ఏడాదే ఆఫ్రికాలో ఒక గని దగ్గర తాత చనిపోయినట్టు ఇంకో కాగితం జతచేసింది.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. తండ్రి చావు గురించి ఏమీ అనలేదు. "అక్కడా తల్లికి పేరు లేదా" అంది. తర్వాత ఇలా అంది. "మా అమ్మ పేరు కనుక్కునిరా. పెళ్లయిందో కాలేదో నాకక్కర్లేదు. పేరు చాలు. ఇంకొక్క మాట. నన్ను ఎవరైనా వెతికారా అని అడుగు."

పెళ్లి మాట ఎందుకు ఎత్తిందో నాకు తెలుసు. దొర ఉంచుకున్నదాని కూతురని హాస్టల్లో పిల్లలు ఆమెను ఏడిపించేవారు. ఆ మాట డెబ్భై ఏళ్లు ఆమె గొంతులో ముల్లయి ఉండిపోయింది. బయలుదేరేటప్పుడు పౌడరు డబ్బాలో దాచుకున్న ఒక నల్ల దారం నా చేతిలో పెట్టింది. హాస్టలుకు వచ్చేనాటికి అది ఆమె చేతికి కట్టి ఉందట. తల్లి తాలూకు ఆస్తి మొత్తం అదే.

గుంతకల్లు

దసరా సెలవులకు ముందు వారం సెలవు పెట్టి బయలుదేరాను. వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లవి. గుంతకల్లులో ఎవరిని కదిలించినా రైల్వే మనిషే. స్టేషను బయట ఉగ్గాని తిన్నాను. మరమరాలు నానబెట్టి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మన వైపు ఉప్మా తినేవాళ్లకు ఇదేం టిఫిను అనిపిస్తుంది గాని ఐదు రూపాయలకు మధ్యాహ్నం దాకా ఆకలి వేయలేదు. బజ్జీ కారానికి నా కళ్లవెంట నీళ్లు కారుతుంటే కొట్టాయన, "ఏమక్కా, గుంటూరోళ్లు కారం తింటారంటారే?" అన్నాడు. మాది ఒంగోలు అని చెప్పి పరువు దక్కించుకున్నాను.

హాస్టలు ఇంకా ఉంది. ఇప్పటి వార్డెను మలయాళీ సిస్టరు. నేను చెప్పిందంతా విని చెక్క బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. చెదలు తిన్నంత తినగా మిగిలిన పేజీలో మా అమ్మ ఉంది. 'పాప, వయసు సుమారు నాలుగు. తండ్రి లూయీ, గని మెకానిక్కు, తిరిగి వచ్చి తీసుకుపోతానని మాట ఇచ్చాడు. వెంట తెచ్చినవి, చేతికి ఒక నల్ల దారం.' తల్లి అన్నచోట 'నేటివ్ స్త్రీ, మృతి' అని ఉంది. అంతే.

రెండు సముద్రాలకు అటొక పుస్తకం, ఇటొక పుస్తకం. రాసినవాళ్లు ఒకరినొకరు ఎరగరు. అయినా ఇద్దరి చెయ్యీ తల్లి పేరు దగ్గరే ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఒక పేరు రాయడానికి ఎంత సిరా అవుతుంది?

ధర్మవరం

ఆ దారం పట్టుదారమని నా నమ్మకం. గని ఉన్న రామగిరికి ధర్మవరం దగ్గర, ధర్మవరంలో ఇంటింటా పట్టు మగ్గాలు, కాబట్టి మా అమ్మమ్మ నేత ఇంటి పిల్లే అయి ఉంటుందని రైల్లోనే తీర్మానించుకున్నాను. సోషల్ టీచర్లకు ఈ జబ్బు ఉంటుంది.

స్టేషనుకు దగ్గర వీధిలో నారాయణప్ప అనే ముసలి నేతగాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దారం ఇచ్చాను. దాన్ని వెలుతురుకు పెట్టి చూడలేదు. పెదవికి ఆనించుకున్నాడు.

"పట్టు పెదవికి సల్లగా తగుల్తాది. ఇది గుచ్చుకుంటాండాది" అన్నాడు. "ఇది ఉన్ని అక్కా. నల్లగొర్రె ఉన్ని. రంగేసింది గూడా కాదు."

"అంటే కంబళిలోంచి ఊడిన పోగా?"

"కాదు. ఈ ముడి చూడు. ఇది కంకణం. గొర్రెలు కాసే కురుబోళ్లలో రెండు తెగలుండారు. పెండ్లిలో ఒకరు పత్తిదారం కట్టుకుంటారు, ఇంకొకరు ఉన్నిదారం. ఇది ఉన్ని కంకణమోళ్లది."

"పెళ్లిలోనా?" అన్నాను.

"పెండ్లిలో కాక యాడ కడతారు?" అన్నాడు ఆయన, నా మొహం చూసి ఆశ్చర్యపోతూ.

అక్కడే ఆ అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన భార్య రాగి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సంగతి చెప్పాను. లేచి వస్తుంటే నారాయణప్ప ఒక ఉపాయం చెప్పాడు. "ఇంకా మూడు దినాలకు మహాలయ అమావాస్య. పెద్దల పండగ. ఆ పొద్దు బెంగుళూరికి కూలికి పోయినోళ్లు గూడా ఇండ్లకు వస్తారు. సచ్చిపోయినోళ్ల పేర్లన్నీ ఒకటొకటిగా పిలిచి కూడు పెడతారు. నువ్వు ఎవుర్నీ అడగాల్సిన పనిలేదు, కూసోని విను."

రామగిరి

రామగిరికి ఎక్కిన జీపుకు దారిలో రెండుసార్లు టైరు పేలింది. రెండోసారి మార్చడానికి టైరే లేకపోతే చివరి రెండు మైళ్లు నడిచాను, ఒక చెప్పు తెగి ఒక చేత్తో పట్టుకుని. గనులు మధ్యలో మళ్లీ తెరిచారు, మళ్లీ మూసేశారు. మిగిలింది మొండిగోడలూ, రాయి పిండి చేసి పారబోసిన తెల్లటి దిబ్బలూ. ఆ దిబ్బల మీద గడ్డి కూడా మొలవలేదు.

అక్కడ మేకలు మేపుకుంటున్న ఓబులేసు అనే ముసలాయన దొరికాడు. ఆయన తండ్రి ఆ గనిలో కూలి.

"డ్రిల్లు దొరా? మా నాయన శానా చెప్తాండె" అన్నాడు. "ఆయప్ప పేరుకే దొర. తెల్లగా ఉండడంట. జుట్టు నల్లగా, రంగు మన మాదిరే. తక్కిన దొరలు ఆయన్ను పక్కన కూసోపెట్టుకుంటాండ్లేదంట. గొర్రెలు మేపుకోను వచ్చిన కురుబోళ్లతోనే కలిసి తింటాండె. వాళ్ల పిల్లనే చేసుకున్యాడు."

"వాళ్లది ఏ ఊరు?"

"మడకశిర అవతల." ఊరి పేరు చెప్పి, చిన్నగా నవ్వాడు. "ఆడికి పోయి దొరోళ్ల ఇల్లు యాడ అని అడుగు. ఎగతాళికి పెట్టిన పేరు. అదే నిలిచిపోయింది."

నా కాళ్ల వంక చూసి, తన చెప్పులు విడిచి వేసుకోమన్నాడు. టైరు ముక్కతో చేసిన చెప్పులు, నా పాదానికి రెండింతలు. వద్దంటే ఊరుకోలేదు. "నాకు అలవాటే" అన్నాడు. వాటితోనే మడకశిర చేరాను.

మడకశిర

ఇక్కడ బస్టాండులో సగం మాటలు కన్నడం. టీకొట్టులో ఎంతైందని అడిగితే "రెండు రూపాయల దుడ్లు ఇయ్యక్కా" అన్నాడు. రెండు రోజులు లాడ్జిలో ఉన్నాను. పండగకు బట్టలు కొనేవాళ్లతో అంగళ్లు నిండి ఉన్నాయి. చచ్చిపోయినవాళ్లకు కొత్తబట్టలు పెడతారు ఇక్కడ. మేము సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తి వెలిగించి వస్తాం. వీళ్లు మామగారికి పంచె, అవ్వకు చీర అని కొలతలతో సహా బేరమాడుతున్నారు. "మా అమ్మకు ఎర్రంచు ఉంటేనే నచ్చుతాది" అని ఒకామె నచ్చుతాది అనడం విని, ఆవిడ బతికే ఉందేమో అనుకున్నాను. చనిపోయి పదేళ్లయిందట.

దొరోళ్ల ఇల్లు

అమావాస్య పొద్దున ఆ ఊళ్లో దిగాను. దొరోళ్ల ఇల్లంటే మట్టిమిద్దె, పక్కన గొర్రెల దొడ్డి. దొడ్డిలో గొర్రెలు పదికి మించి లేవు. గడ్డి లేక అమ్మేశారట.

గడపలో డెబ్భై ఏళ్ల ముసలామె ఓళిగలకు, అంటే మన బొబ్బట్లకు, పిండి పిసుకుతోంది. పేరు నాగక్క అని తర్వాత తెలిసింది. నా చేతిసంచీ, కళ్లజోడు చూసి, "కరువు లెక్కలు రాసుకోను వచ్చినావా? ఈ పొద్దు రాసుకోకూడదు. రేపు రా" అంది.

"లెక్కలకు కాదమ్మా. ఒక మాట అడగాలి."

"పెద్దోళ్లకు పెట్టినాక అడుగు. ఆడ కూసో."

ఆ కసురు విని నా మనసు కుదుటపడింది. మా అమ్మ కూడా అలాగే కసురుతుంది.

లోపల గోడవారగా విస్తరాకులు పరిచారు. ఒక్కో ఆకులో సంగటి ముద్ద, మాంసం, ఓళిగ, అలసంద వడ. ఆకు ముందు మడతపెట్టిన కొత్తబట్ట. నాగక్క కొడుకు మల్లేశప్ప టెంకాయ కొట్టి, సాంబ్రాణి వేసి, ఒక్కో ఆకు ముందు కూర్చుని పేరు పిలిచాడు. తాత పేరు, అవ్వ పేరు, నాయన పేరు. తర్వాత ఒక చీర ముందు ఆగి, "ఈరక్కవ్వా, వచ్చి తిను" అన్నాడు. పక్కన పంచె ముందు, "దొర తాతా, నువ్వూ రా" అన్నాడు. ఆ పక్కన బట్ట లేని ఆకు ఒకటి. అక్కడ తడబడలేదు, అలవాటుగా చెప్పాడు. "దొర తల్లీ, నీ పేరు తెల్దు, తప్పనుకోవద్దు, వచ్చి తిను."

చివర్న అందరికంటే చిన్న ఆకు ఉంది. దాని ముందు నాలుగేళ్ల పిల్లకు సరిపోయే ఎర్ర పావడ.

"బీరమ్మా, బిడ్డా, నువ్వూ తిందువు రా" అన్నాడు మల్లేశప్ప.

నేను లేచి నిలబడ్డాను. పండగ ముగిసే దాకా ఆగాలని తెలుసు. ఆగలేకపోయాను. ఉన్నిదారం తీసి నాగక్క ముందు చెయ్యి చాపాను. ఆమె తీసుకుని ముడి తడిమింది. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు.

"ఇది మా ఇంటి ముడి. యాడిది నీకు?"

"మా అమ్మది. గుంతకల్లు హాస్టల్లో పెరిగింది. వాళ్ల నాన్న లూయీ దొర. అప్పటికి ఆమెకు నాలుగేళ్లు."

మల్లేశప్ప చేతిలోని సాంబ్రాణి గిన్నె కింద పెట్టాడు.

"ఉండాదా?" అని అడిగింది నాగక్క. "ప్రాణంతో ఉండాదా?"

"ఉంది. ఒంగోలులో ఉంది."

ఆమె చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి, ఆ చిన్న ఆకును రెండు చేతులతో వరసలోంచి ఎత్తేసింది. "బతికుండేదానికి సచ్చినోళ్ల పంక్తిలో కూడు పెడ్తాండామే ఇన్నేండ్లూ, ఎంత పాపం సేసినాం తండ్రీ" అని గట్టిగా ఏడ్చింది. తర్వాత ఆ ఆకు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నువ్వు తిను. నీ తల్లిది. ఒక్క మెతుకు గూడా మిగల్చొద్దు."

తిన్నాను. పక్కన కూర్చుని చెప్పుకుపోయింది. ఈరక్క ఆమెకు మేనత్త, అంటే తండ్రికి అక్క. దొర పిల్లనడిగినప్పుడు కులపెద్దలు ఒప్పుకోలేదట. "నీ తల్లి ఎవురు అని మా తాత అడిగినాడంట. మా అమ్మోళ్లూ మీ మాదిరే అడివి పట్టుకోని తిరిగేవాళ్లు, మా ఊర్లో ఆమెను మనిషిగా చూల్లేదు అన్యాడంట దొర. అట్లయితే నువ్వు మావోడివే అని మా తాత తప్పు కింద ఏటను కోసి, కులానికంతా కూడు పెట్టి, కంకణం కట్టించినాడు."

తర్వాత గనిలో గత్తర వచ్చింది. వాంతులు, భేదులతో ఈరక్క రెండు రోజుల్లో పోయింది. పోతూ తన కంకణం బిడ్డ చేతికి కట్టించింది. మిగిలినవాళ్లు గొర్రెలు తోలుకుని కన్నడదేశం పారిపోయారు. బిడ్డను తండ్రి దగ్గరే ఉంచారు, దారిలో రోగం తగులుతుందని. వానలు పడి తిరిగొచ్చేసరికి గని మూసి ఉంది, క్యాంపులో ఎవరూ లేరు.

"వెతికారా?" అన్నాను. నేను మూడు వందల మైళ్లు వచ్చింది ఆ ఒక్క మాట అడగడానికే.

"మా నాయన గొర్రెలు మేపను పోయిన ప్రతి ఊర్లోనూ అడిగినాడు. తుముకూరు, బెంగుళూరు దాకా పోయినాడు. దొర కదా, బెంగుళూరికే పోయింటాడని అంతా దక్షిణానే వెతికినాడు. గుంతకల్లు తట్టు తిరిగి చూల్లేదు. కనపడని మనిషికి పన్నెండేండ్లు చూడాల. చూసినాం. ఆ తర్వాత ఆకేసినాం. ఎంత బట్ట పెట్టాలో తెల్దు. మేము చూసినప్పుడు నాలుగేండ్లది గదా, అంతే పెట్టినాం. ఆ పొద్దు నాకు పదేండ్లు. ఆ పావడ నాకు చాలదని ఏడ్చినా."

ఆ పావడను ఏటా ఇంట్లో చిన్నపిల్లకు తొడుగుతారట. ఈసారి దాన్ని మడిచి నా సంచీలో పెట్టేసరికి మల్లేశప్ప కూతురు, "అది నాది" అని కాళ్లు నేలకేసి కొట్టింది. నాగక్క నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే.

"అమ్మా, నేను ఇక పోయొస్తాను" అన్నాను సాయంత్రం బస్సు వేళకు.

"అమ్మ ఏంది? నేను నీకు అత్తనవుతా. అత్తా అను" అంది. బస్సెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని, "మా వదినకు చెప్పు. వచ్చే ఏడు ఆమెకు ఆకు వేయం. వచ్చి మాతో పాటు కూసోని ఆమే వాళ్ల అమ్మను పిలవాల" అంది.

ఒంగోలు

అమ్మకు చూపు బాగా తగ్గింది. మంచం మీద ఆమె పక్కన కూర్చుని దారం చేతిలో పెట్టాను. "మీ అమ్మ పేరు ఈరక్క. ఇది ఆవిడ పెళ్లి కంకణం. నీ పేరు బీరమ్మ."

పెదవులు కదిపింది గాని శబ్దం రాలేదు. ఈరక్క అన్నదో బీరమ్మ అన్నదో నాకు తెలియదు. క్వెబెక్ పెద్దావిడకు ఏం రాయాలో కూడా చెప్పాను. ఆ అడవి స్త్రీ పేరు ఇక్కడా దొరకలేదు గాని, ఆమెకు ఏటా ఒక ఆకు పడుతోందని రాస్తానన్నాను. అమ్మ తలూపింది.

పావడ ఒళ్లో వేశాను. నడుము పట్టీ నుంచి అంచు దాకా వేళ్లతో కొలుచుకుంది. "ఇంతేనా ఉన్నాను?" అంది. తర్వాత, "ఎన్నేళ్లు చూశారన్నావు?"

"పన్నెండేళ్లు."

లెక్క వేసుకుంది. "అంటే నాకు పదహారు. ట్రైనింగులో చేరిన ఏడు. ఫారంలో తల్లి తరఫు బంధువులు అని ఒక గడి ఉంది. ఎవరూ లేరు, అందరూ చనిపోయారు అని రాశాను. ఎవరూ రాయమనలేదు. నాకు వాళ్ల మీద కోపం, అందుకని రాశాను." కాసేపటికి, "వాళ్లు పన్నెండేళ్లు చూసి నాకు ఆకు వేశారు. నేను ఒక్కపూట కూడా చూడకుండా వాళ్లందరినీ చంపేశాను" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను నాన్న పోయినప్పుడు చూశాను, మళ్లీ ఆ రోజే.

మర్నాడు నేను స్కూలుకు తయారవుతుంటే గదిలోంచి పిలిచింది. పావడ దిండు కింద ఉంది.

"మడకశిరకు నేరుగా బండి ఉందా, మారాలా?"

"గుంతకల్లులో మారాలమ్మా. అక్కడి నుంచి ధర్మవరం మీదుగా పోవాలి. నీవల్ల అవుతుందా?"

"గుంతకల్లు దాకా నాకు తెలుసులే" అంది అమ్మ. "ఆ తర్వాత దారి నువ్వు చూపించు."